కాంటాకు ముద్ర ఉన్నది – మాటకు ఉండవద్దా?

(వేల్పూర్‌లో జరిగిన మన సంక్షేమ సంఘం వార్షిక సభలో కార్యవర్గం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ప్రతి యేడు ఈ సభలో మేము పిల్లల వజీఫాల గురించి, పేదింటి పెళ్ళిళ్ళ గురించి, ఖబ్రస్తాన్ ప్రహరీ గోడ గురించి మాట్లాడుతూ వస్తున్నాము. ఆ లెక్కలన్నీ కార్యదర్శి నివేదికలో ఉన్నవి. ఈ యేడు వాటితోపాటు ఒక కొత్త సంగతి మీ ముందుకు తెస్తున్నాము. అది విని "ఇది మన సంఘానికి ఎందుకు?" అని కొందరికి అనిపించవచ్చు. చివరిదాకా విన్న తర్వాత ఆ ప్రశ్న అడగమని మనవి.

సంగతి ఏమంటే, చెవి వినబడనివారి మాటను మనకు, మన మాటను వారికి చేరవేసే మనిషి ఎవరు ఉండాలె? ఎవరు పడితే వారు ఉండవచ్చునా? లేక ఆ పనికి ఒక చదువు, ఒక పరీక్ష, ఒక ప్రభుత్వ గుర్తింపు అవసరమా?

ఈ ప్రశ్న మాకు పుస్తకాల్లో దొరికింది కాదు. మేము చేసిన ఒక తప్పు వల్ల పుట్టింది. కాబట్టి మొదట ఆ తప్పును ఒప్పుకొని ముందుకు పోతాము.

కొన్ని యేండ్ల కింద మన సంఘం ఆఫీసులో ఒక కుటుంబం పంపకం జరిగింది. తండ్రి గడిచిపోయినాడు. ఇద్దరు అన్నదమ్ములు. పెద్దవాడు గల్ఫ్‌లో పని చేస్తూ రెండు నెలల సెలవు మీద వచ్చినాడు. చిన్నవాడికి పుట్టుక నుంచి వినబడదు. పసుపు దిగే రోజుల్లో ఉడకబెట్టే కాడ, ఆరబోసే కాడ కూలి పని చేసుకుంటాడు. ఒక ఇల్లు, కొంత భూమి. ఊళ్ళు చెప్పము, పేర్లు చెప్పము. వారు కూడా ఈ సభకు రావచ్చు.

సుల్హానామా రాసినాము. రాసింది చదివి వినిపించినాము. చిన్నవాడికి వినబడదు గదా, ఎట్లా? పెద్దవాడే అన్నాడు: "నేను చెప్తా చాచా, మా తమ్మునికి నా సైగలే అర్థమైతయి." అతడు చేతులు తిప్పినాడు. ఇంటి వైపు చూపినాడు, తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు, డబ్బులు లెక్కపెట్టినట్టు వేళ్ళు ఆడించినాడు. చిన్నవాడు తల ఊపినాడు. మేము "మాషా అల్లాహ్, ఒప్పుకున్నాడు" అన్నాము. సంతకం పెట్టించినాము, సాక్షులుగా మేము పెట్టినాము. పది నిమిషాల్లో అంతా అయిపోయింది. చాయ్ తాగి లేచినాము.

ఏడాది తర్వాత చిన్నవాడు తన బడి దోస్తును వెంటబెట్టుకొని మా దగ్గరికి వచ్చినాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బధిరుల పాఠశాలలో చదివినవారు. ఆ దోస్తుకూ వినబడదు. కాని అతని చెల్లెలికి వినబడుతుంది, చిన్నప్పటి నుంచి వారి భాష వచ్చు. ఆ అమ్మాయి నోటితో మేము విన్న మాట ఇది: "అన్న గల్ఫ్ నుంచి పైసలు పంపుతడు, ఇల్లు బాగు చేయిస్తడు, నన్ను చూసుకుంటడు అని అనుకున్న. సరే అని తల ఊపిన. ఇంట్ల నా హిస్సా వదులుకుంటున్న అని ఎవరూ చెప్పలె."

అప్పుడు పెద్దవాడికి ఫోన్ చేసి అడిగినాము. అతడు దొంగ కాడు, ఈ మాట గట్టిగా చెప్తున్నాము. అతడు నిజంగానే చెప్పినాననుకున్నాడు. కాని ఆ ఇంట్లో వాడే సైగలు ఎన్ని? తిను, రా, పో, పైసలు, అమ్మీ, జ్వరం, అంతే. "హక్కు వదులుకోవడం" అన్నదానికి ఆ ఇంట్లో సైగే లేదు. లేని మాటను ఎట్లా చెప్తాడు? పైగా పంపకంలో అతనికే లాభం ఉన్నది. చెప్పేవాడు అతడే, లాభపడేవాడు అతడే. మేము మాత్రం కళ్ళు ఉండి చూడలేదు. తప్పు అతనిది కొంత, మాది చాలా.

సోదరులారా, మనది పసుపు పండే ప్రాంతం. మనలో చాలామంది నిజామాబాద్ యార్డుకు పసుపు తోలినవారే. కాడి ఎంత, గోళ ఎంత, చూర ఎంత అని రేటు చూసుకుంటాము. కాంటా కాడ నిలబడి కన్నార్పకుండా చూస్తాము. అక్కడ తూకం వేసే దడవాయి ఎవరు? దారిన పోయేవాడా? కాదు. 1966 నాటి మార్కెట్ల చట్టం కింద అడ్తిదారుకు లైసెన్సు కావాలె, దడవాయికి లైసెన్సు కావాలె. కాంటాకు, రాళ్ళకు తూనికలు కొలతల శాఖ ముద్ర కావాలె. ముద్ర లేని రాయితో తూచితే మనం ఊరుకుంటామా? బస్తాకు కిలో తరుగు ఎక్కువ తీస్తేనే లొల్లి పెడతాము.

మరి ఒక మనిషి ఇల్లు, ఒక మనిషి పెళ్ళి, ఒక మనిషి సాక్ష్యం – వీటిని మోసే మాటను తూచేవాడికి ముద్ర అక్కరలేదా? కిలో పసుపుకు ఉన్న జాగ్రత్త మనిషి మాటకు లేకపోవడం న్యాయమా? ఈ సాయంత్రం మేము చెప్పదలచినది ఇంతే. మిగిలినదంతా దీనికి వివరణ.

ఈ మాట వినగానే కొందరు, "సైగలే గదా, దానికి చదువు ఎందుకు? అందరికీ వచ్చినవే" అంటారు. పశువుల సంతల్లో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని బేరం చేసేవారిని మనం చూసినాము. ఒక్క మాట లేకుండా ఎద్దు ధర తేలిపోతుంది. కాని అది అంకెల గుర్తు మాత్రమే. దానితో బేరం చేయవచ్చు గాని, నిన్న జ్వరం ఎందుకు వచ్చిందో చెప్పలేము, అల్లుడి మీద ఫిర్యాదు చేయలేము.

బధిరుల సంజ్ఞా భాష అట్లాంటిది కాదు. అది నిజమైన భాష. దానికి వ్యాకరణం ఉన్నది. మన దేశంలో వాడే భారతీయ సంజ్ఞా భాషలో మన తెలుగులో లాగే క్రియ చివరికి వస్తుంది. ఎవరు, ఏమిటి, ఎప్పుడు అనే ప్రశ్న మాట కూడా చివరికే వస్తుంది. చేతులతోపాటు కనుబొమలు, పెదవులు, తల కదలిక కూడా ఆ వ్యాకరణంలో భాగమే. అదే సైగ కనుబొమలు ఎత్తి చేస్తే ప్రశ్న, తల అడ్డంగా ఊపుతూ చేస్తే "లేదు" అవుతుంది. దేశదేశానికి ఈ భాష వేరు. అమెరికాలో, ఇంగ్లాండులో మాట్లాడేది ఇంగ్లీషే అయినా, అక్కడి బధిరుల భాషలు రెండూ వేరు వేరు. ఒకరి భాష ఒకరికి అర్థం కాదు. అమెరికావారి సంజ్ఞా భాష ఫ్రెంచివారి దానికి దగ్గర.

కాబట్టి ఈ భాషకు ఒక దుబాసీ కావాలె. దుబాసీ అన్న మాట మనకు కొత్త కాదు. ఉర్దూలో తర్జుమాన్ అంటాము. రెండు భాషలు బాగా ఎరిగి, ఇటు మాట అటు, అటు మాట ఇటు, పెంచకుండా తగ్గించకుండా చేర్చేవాడు దుబాసీ. రెండు భాషలు వచ్చినంత మాత్రాన చాలదు. విన్న గుట్టు బయట పెట్టకూడదు. ఏ పక్షం వహించకూడదు. తన చుట్టాల వ్యవహారం అయితే "నేను చేయను, వేరేవారిని పిలవండి" అని తప్పుకోవాలె. తనకు అర్థం కాకపోతే సిగ్గుపడకుండా మళ్ళీ అడగాలె. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చే గుణాలు.

ముద్ర లేని దుబాసీ వల్ల ఏమవుతుందో రెండు సంగతులు మనవి చేస్తాము. ఒకటి మన దేశంలోది, ఒకటి పరదేశంలోది.

రాజస్థాన్‌లో ఒక హత్య కేసు జరిగింది. చనిపోయిన మనిషి భార్యే ప్రధాన సాక్షి. ఆమెకు వినబడదు, మాట రాదు. కోర్టులో ఆమె సైగలను ఆమె తండ్రి వివరించి చెప్పినాడు. కింది కోర్టు నమ్మింది, హైకోర్టు నమ్మలేదు. చివరకు 2012 మే 21న సుప్రీంకోర్టు కూడా ఆ సాక్ష్యాన్ని పక్కకు పెట్టి, నిందితుని విడుదలనే ఖాయం చేసింది. ఎందుకు? తండ్రి ఆ కేసులో ఆసక్తి ఉన్న మనిషి. పైగా దుబాసీగా అతని చేత ప్రమాణం చేయించలేదు. అట్లాంటి దుబాసీ సాక్షి పరిసరాలను ఎరిగినవాడైనా ఫరవాలేదు గాని, కేసులో ఏ లాభనష్టం లేనివాడై ఉండాలనీ, ప్రమాణం చేయించాలనీ, అతడు చెప్పిన అర్థంతోపాటు సాక్షి చేసిన సైగలను కూడా రాసి పెట్టాలనీ కోర్టు చెప్పింది. చూడండి, ఆ భార్య నిజమే చెప్పిందో ఏమో, అల్లాహ్‌కే తెలుసు. మాట మోసిన మనిషి సరైనవాడు కాకపోవడంతో ఆమె మాటకు కోర్టులో విలువ లేకుండా పోయింది. తండ్రి ప్రేమ ఆమెకు అక్కరకు రాలేదు.

రెండవది, దక్షిణాఫ్రికాలో నెల్సన్ మండేలా సంస్మరణ సభ. 2013 డిసెంబరు 10, జోహాన్నెస్‌బర్గ్. ప్రపంచ నాయకులు వచ్చినారు. మన రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ కూడా మాట్లాడినారు. వేదిక మీద నాయకుల పక్కనే నిలబడి ఒక మనిషి చేతులు తిప్పుతూ సంజ్ఞా భాషలో తర్జుమా చేస్తున్నట్టు కనిపించినాడు. చూస్తున్న బధిరులు నివ్వెరపోయినారు. ఆ చేతుల్లో భాషే లేదు, ఉత్త గాలి. వినేవారికి తెలియలేదు, ఎందుకంటే వారికి ఆ భాష రాదు. చూసేవారికి తెలిసింది, కాని వారిని అడిగినవారు లేరు. అంత పెద్ద సభలో అట్లా జరిగితే, మన పంచాయితీ గదిలో జరగడంలో ఆశ్చర్యం ఏమున్నది?

మన పెద్దలు ఈ విషయాన్ని ఎప్పుడో ఆలోచించినారు. ఉస్మానియా తుర్కీ సుల్తానుల కాలంలో 1869 నుండి 1876 వరకు తయారైన "మజల్లా" అనే హనఫీ న్యాయ సంహిత ఉన్నది. అందులో 70వ సూత్రం, మాట రానివారి సైగ అందరికీ తెలిసిన రీతిలో ఉంటే అది నోటి మాటతో సమానమని చెప్తుంది. దాని వెంటనే 71వ సూత్రం దుబాసీ మాటను అంగీకరించడం గురించి. రెండూ పక్కపక్కనే ఉన్నవి. సైగను మాటగా గౌరవించిన చట్టమే, ఆ మాటను చేర్చేవాడినీ గుర్తించింది. కాని అంత నమ్మకం పెట్టినప్పుడు ఆ మనిషి ఎట్లాంటివాడై ఉండాలె? ఇది ఆలోచించవలసింది మనమే. నికాహ్ సమయంలో పిల్ల తల ఊపితే "ఖుబూల్" అని రాసుకుంటున్నాము. ఆ తల ఊపు దేనికి? మెహర్ ఎంతో ఆమెకు తెలిసిందా? వినబడనివారు చాలాసార్లు ఎదుటివారు నొచ్చుకోకూడదని తల ఊపుతారు. తల ఊపడం ఒప్పుకోవడం కాదు. మా సుల్హానామా మాకు నేర్పిన పాఠం ఇది.

ఇక ఇతర దేశాల పద్ధతి చూద్దాము. అమెరికాలో ఒకప్పుడు బధిరులకు దుబాసీలు ఎవరంటే వారి పిల్లలు, వారి పాస్టర్లు, వారి బడి పంతుళ్ళు. జీతం లేదు, పరీక్ష లేదు. 1964లో ఇండియానా రాష్ట్రంలోని మన్సీ పట్టణంలో కొందరు కూడి దుబాసీల రిజిస్టరు ఒకటి మొదలుపెట్టినారు. ఎవరికి ఎంత వచ్చునో పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి దాని నుంచి పెరిగింది. 1990లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. ఆసుపత్రి అయినా, కోర్టు అయినా అర్హత ఉన్న దుబాసీనే పెట్టాలె అన్న మాట ఆ చట్టం వల్ల బలపడింది. అర్హత అంటే తప్పు లేకుండా, పక్షపాతం లేకుండా, ఇటూ అటూ కూడా మాటను చేర్చగలగడం. ఆ తర్వాత చాలా రాష్ట్రాలు తమ తమ లైసెన్సు చట్టాలు చేసుకున్నవి. వైద్యునికి లాగా, నర్సుకు లాగా దుబాసీకి కూడా రాష్ట్రం లైసెన్సు ఇస్తుంది. దాన్ని గడువుకు నవీకరించుకోవాలె. తప్పు చేస్తే ఫిర్యాదు పెట్టుకొనే చోటు ఉంటుంది. అన్ని రాష్ట్రాల్లో ఒకే తీరు కాదు. కొన్ని చోట్ల కఠినం, కొన్ని చోట్ల వదులు.

మన దేశంలో రాష్ట్రానికి ఒక లైసెన్సు అనే పద్ధతి లేదు. ఇక్కడ వ్యవహారం కేంద్రం చేతిలో ఉన్నది. 1992లో పార్లమెంటు భారత పునరావాస మండలి చట్టం చేసింది. 1993లో అమలులోకి వచ్చింది. వికలాంగుల సేవలో ఉండే వృత్తులవారి చదువులను ఈ మండలి గుర్తిస్తుంది, చదివినవారి పేర్లను కేంద్ర పునరావాస రిజిస్టరులో ఎక్కిస్తుంది. 2000లో చట్టాన్ని సవరించినారు. రిజిస్టరులో లేకుండా పునరావాస వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జుర్మానా, లేదా రెండూ అని చట్టంలో ఉన్నది.

సంజ్ఞా భాష దుబాసీకి ఈ మండలి గుర్తించిన రెండేళ్ళ డిప్లొమా ఉన్నది. ఇంటర్మీడియట్ పాసైనవారు చేరవచ్చు. దాన్ని పూర్తి చేసినవారి పేరు రిజిస్టరుకు ఎక్కుతుంది. 2015 సెప్టెంబరు 28న ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన శిక్షణ కేంద్రం ఏర్పడింది. ఆ కేంద్రం తెచ్చిన నిఘంటువు 2018లో 3 వేల మాటలతో మొదలై, 2019లో 6 వేలు, 2021 ఫిబ్రవరికి 10 వేల మాటలకు చేరింది. తల్లిదండ్రులో తోబుట్టువులో బధిరులై, చిన్నప్పటి నుంచే ఆ భాష నేర్చినవారికి వారి నేర్పును పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే మార్గం కూడా ఆ కేంద్రం తెరిచింది. మా కండ్లు తెరిపించిన ఆ చెల్లెలి లాంటివారికి ఇది మంచి దారి.

ఇక్కడ మన హైదరాబాదుకు సంబంధించిన ఒక పేరు చెప్పకుండా ఉండలేము. ఈ రంగంలో దేశంలోని పెద్ద సంస్థ ముంబైలో ఉన్నది. 1983 ఆగస్టు 9న ఏర్పడింది. దాని పేరు అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ. నవాబ్ అలీ యావర్ జంగ్ మన హైదరాబాదువారు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి, అలీగఢ్ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా, అమెరికాలో రాయబారిగా పని చేసి, మహారాష్ట్ర గవర్నర్‌గా ఉండగానే 1976లో కన్నుమూసినారు. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో ఉన్నది. వేల్పూర్ నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరుకోవచ్చు. ఏ యేడు ఏ చోట ఏ కోర్సులో సీట్లు ఉన్నవో అక్కడ అడిగి, పునరావాస మండలి ప్రకటన చూసుకొని దరఖాస్తు పెట్టుకోవాలె.

ఇంక దుబాసీని అడగడం మన హక్కేనా, లేక ఎవరో దయతో ఇచ్చేదా? హక్కే. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని మన దేశం 2007 అక్టోబరు 1న ఆమోదించింది. అందులో వృత్తి దుబాసీల సదుపాయం గురించి స్పష్టంగా ఉన్నది. 2013లో క్రిమినల్ చట్టాలు సవరించినప్పుడు, మాట రాని సాక్షి వాంగ్మూలానికి దుబాసీ సాయం తీసుకోవాలె, దాన్ని వీడియో తీయాలె అని సాక్ష్య చట్టంలో చేర్చినారు. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, అందులో 125వ సెక్షన్‌లో ఈ నియమం కొనసాగుతున్నది. 2016 వికలాంగుల హక్కుల చట్టం, వారికి కోర్టుల్లో తమ మాట తాము చెప్పుకొనే సదుపాయాలు కల్పించాలని చెప్తుంది. పిల్లల మీద అఘాయిత్యాల కేసుల కోసం 2020లో వచ్చిన పోక్సో నిబంధనల్లో, జిల్లా బాలల సంరక్షణ విభాగం దుబాసీల పట్టిక ఉంచాలని, సంజ్ఞా భాష దుబాసీకి తగిన చదువు ఉండాలని ఉన్నది. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే బధిర న్యాయవాది దుబాసీ సాయంతో సాక్షాత్తు సుప్రీంకోర్టులోనే వాదన చేసినారు. బధిరులు సాక్షులు మాత్రమే కాదు, వకీళ్ళు కూడా కాగలరని ఆనాడు దేశం చూసింది.

ఇన్ని చట్టాలు ఉంటే ఇంక కొరత ఏమిటని మీరు అడగవచ్చు. కొరత మనుషులది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షల 71 వేల మంది. రిజిస్టరుకెక్కిన దుబాసీలు ఆ లెక్క ముందు చాలా తక్కువ, ఉన్నవారిలో ఎక్కువమంది పెద్ద నగరాల్లో. సదరం క్యాంపుకు పోయినా, ఆసుపత్రికి పోయినా, మండల ఆఫీసుకు పోయినా మన బధిర సోదరుని వెంట తల్లో, భార్యో, పదేండ్ల కొడుకో పోవలసి వస్తున్నది. డాక్టరు అడిగే ఆడవారి సంగతులు ఆ పదేండ్ల పిల్లవాడు తల్లికి ఎట్లా చెప్తాడు?

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మేము కార్యవర్గంలో దీని మీద చాలాసేపు వాదించుకున్నాము. ఒక సోదరుడు అన్నాడు: "లైసెన్సు లైసెన్సు అంటున్నరు గాని, లైసెన్సు ఉన్నోళ్ళు మన దిక్కు లేరు. లేనోళ్ళని వద్దంటే ఇగ వాళ్ళకు ఎవరు దిక్కు? ఉన్న అన్న గూడ పోతడు గదా భాయ్." ఆ మాటలో సత్యం ఉన్నది. దడవాయి లేని ఊళ్ళో పసుపు కుళ్ళబెట్టుకోలేము గదా. మనుషులను తయారు చేయకుండా నియమం మాత్రం పెడితే, అది మూసిన తలుపు అవుతుంది.

కాబట్టి మేము పనులను రెండుగా విడదీసినాము. అన్నం, ఆరోగ్యం అడగడం, బజారు పని, పండుగ ముచ్చట్లు – వీటికి ఇంటివారి సైగలు చాలు, అవే మేలు. వాటికి ఏ సర్టిఫికెటూ అక్కరలేదు. కాని ఎక్కడ సంతకం ఉన్నదో, ఎక్కడ ప్రమాణం ఉన్నదో, ఎక్కడ కత్తి పెట్టి ఆపరేషన్ చేస్తారో, ఎక్కడ నికాహ్, ఖులా, తలాఖ్ మాట వస్తుందో, అక్కడ చదువుకున్న, రిజిస్టరులో పేరున్న దుబాసీ ఉండాలె. దొరకకపోతే ఆనాటికి ఆ పని ఆపాలె. వీడియో ఫోన్‌లో అయినా హైదరాబాదు నుంచి పిలవాలె. చదవడం వచ్చిన బధిరులకైతే, విషయాన్ని తేలిక తెలుగులోనో ఉర్దూలోనో రాసి చూపించాలె. అది కూడా సుప్రీంకోర్టు ఆ 2012 తీర్పులో మెచ్చిన పద్ధతే.

ఈ రీతిలోనే మేము ఆ అన్నదమ్ముల సుల్హానామాను మళ్ళీ తెరిచినాము. నసీబు బాగుండి అది అప్పటికి రిజిస్ట్రేషన్ కాలేదు. పెద్దవాడు తర్వాతి సెలవుకు వచ్చినప్పుడు ఇద్దరినీ కూర్చోబెట్టి, అర్హత ఉన్న దుబాసీని వీడియో ఫోన్‌లో పిలిచినాము. మొదటిసారి పది నిమిషాల్లో అయిపోయిన పనికి ఈసారి మూడు గంటలు పట్టింది. చిన్నవాడు ఎన్ని ప్రశ్నలు అడిగినాడో! కుంట ఎవరికి, బోరు ఎవరికి, అమ్మీ ఎవరి దగ్గర ఉంటుంది, మందుల ఖర్చు ఎవరిది. ఒక్కటి కూడా తెలివి తక్కువ ప్రశ్న కాదు. ఇన్నాళ్ళు అతనికి ఏమీ తెలియదని అనుకున్న మేము తలలు దించుకున్నాము. పంపకం మారింది. అన్నదమ్ములు మొదట్లో కొంత ముభావంగా ఉన్నారు గాని, ఈద్ నాడు ఒకే సఫ్‌లో నమాజు చేసి గలే కలిసినారు. ఏడాది కాలం తమ్ముడు మనసులో పెట్టుకున్న బాధను మాత్రం ఏ కాగితమూ తిరిగి రాయలేదు.

ఇక మా విన్నపాలు. ఇవి తీర్మానాలు కావు, మీరు ఒప్పుకుంటే అవుతాయి.

మొదటిది: మన సంఘం ఆఫీసులో బధిరులు పక్షంగా ఉన్న ఏ వ్యవహారమైనా అర్హత ఉన్న దుబాసీ లేకుండా కాగితం మీదికి ఎక్కకూడదు. ఆ వ్యవహారంలో లాభనష్టం ఉన్న చుట్టం దుబాసీగా కూర్చోకూడదు. ఖాజీ సాహెబులకు, జమాత్ పెద్దలకు కూడా ఇదే మనవి.

రెండవది: ఈ మండలంలో మనవారిలో, ఇతర కులమతాలవారిలో వినికిడి లోపం ఉన్నవారు ఎందరున్నారో ఇంటింటికి తిరిగి ఒక పట్టిక రాయాలె. 2001లో అప్పటి కలెక్టరు పూనికతో మన వేల్పూర్ మండలం బడి మానిన పిల్లలందరినీ బడికి పంపి, బాల కార్మికులు లేని మండలమని పేరు తెచ్చుకున్నది. ఆనాడు ఇంటింటికి తిరిగినవారిలో మన సంఘీయులు కూడా ఉన్నారు. బడికి పోయిన పిల్లలకు పాఠం అర్థమయ్యే భాష కూడా ఉండాలె గదా. ఆ పనిలో మిగిలిన భాగం ఇదే అనుకుందాము.

మూడవది: ఇంటర్ పాసైన పిల్లల్లో ఒక అమ్మాయినీ, ఒక అబ్బాయినీ ఎంచి, ఈ రెండేళ్ళ డిప్లొమాకు పంపాలె. వజీఫా నిధి నుంచి వారి హాస్టలు ఖర్చు భరించాలె. అమ్మాయి ఎందుకంటే, ఆసుపత్రిలో మన ఆడవారి వెంట ఆడ దుబాసీ ఉండడం మంచిది. డాక్టరు, ఇంజనీరు, దుబాయి – ఈ మూడే బతుకుదెరువులు కావు. ఇది కూడా గౌరవమైన కొలువు. కోర్టులకు, బడులకు, ఆసుపత్రులకు, టీవీ వార్తలకు కావలసిన కొలువు.

నాలుగవది: మాట మర్యాద. "ఏ మూగోడా", "చెవిటిదానా" అని పిలవడం మానాలె. వారికి అమ్మానాన్నలు పెట్టిన పేర్లు ఉన్నవి. పేరుతో పిలుద్దాము, పెద్దవారైతే భాయ్ అని, ఆపా అని గౌరవంగా సంబోధిద్దాము. వినబడకపోయినా ముఖం చూసి వారికి అన్నీ తెలుస్తవి.

అయిదవది: సెప్టెంబరు 23 సంజ్ఞా భాషల అంతర్జాతీయ దినం. 1951లో అదే తేదీన రోమ్ నగరంలో ప్రపంచ బధిరుల సమాఖ్య ఏర్పడింది కాబట్టి ఐక్యరాజ్యసమితి ఆ రోజును ఎంచింది. ప్రతి యేడు ఆ వారంలో మన ఆఫీసులో ఒక పూట, బధిర సోదరులే పంతుళ్ళుగా, మనం శిష్యులుగా కూర్చొని కనీసం సలాం చెప్పడం, క్షేమం అడగడం, క్షమించమని అడగడం నేర్చుకుందాము. చివరిదాన్ని మేమే ముందుగా నేర్చుకుంటాము. మాకు దాని అవసరం ఉన్నది.

పెద్దలారా, లైసెన్సు అంటే మనకు చికాకు. ఆఫీసుల చుట్టూ తిరగడం, ఫీజులు, ఫారాలు గుర్తుకొస్తాయి. కాని దడవాయి దగ్గర లైసెన్సు చూసినప్పుడు మన మనసు కుదుటపడుతుంది గదా. లైసెన్సు అనేది అతని గొప్ప కోసం కాదు, మన బస్తా కోసం. దుబాసీ ముద్ర కూడా అంతే. అది వినబడేవారి గొప్ప కోసం కాదు, వినబడనివారి మాట తరుగు లేకుండా చేరడం కోసం.

ఈ సభలో ముందు వరుసలో కూర్చొని, మా పెదవుల కదలిక మాత్రమే చూస్తూ ఉన్న ఇద్దరు ముగ్గురు సోదరులున్నారు. ఈ ప్రసంగం కూడా వారికి పూర్తిగా అందలేదు. వచ్చే వార్షిక సభకు ఈ వేదిక మీద మా పక్కన ఒక దుబాసీ నిలబడేటట్టు చేసే బాధ్యత మా కార్యవర్గం తీసుకుంటున్నది. చేయకపోతే మమ్మల్ని నిలదీయండి.

ఖుదా హాఫిజ్.